ఎప్పుడు

అందరూ ఎలా అని అడుగుతారు.
పోలీసాయన, వార్డుబాయ్,
లిఫ్టు దగ్గర దారి తప్పిన ఎవరో ముసలాయన.
నేను ఎప్పుడు అని అడుగుతాను.

ఆమెని మోసుకొచ్చిన పెంచలయ్య తలగోక్కున్నాడు.
"ఆరున్నరకి ఫోనుకి మొహాలు చూపించి హాజరేసుకున్నాం సిస్టర్,
ఆపైన పది నిమిషాలకే దిబ్బలో ఏదో డబ్బా పేలింది."
ఆరూ నలభై.
కీల్పాక్ గుమ్మం దాటేసరికి తొమ్మిదీ పది.
మా లెక్క గుమ్మం దగ్గర మొదలవదు,
మంట అంటుకున్న నిమిషంలోనే మొదలై
కొడుంగయ్యూరు నుంచి ట్రాఫిక్‌లో ఆమెతోబాటే వచ్చింది.

కొత్తగా చేరిన కయల్‌విళి తన చెయ్యి చాపి కొలవబోయింది.
నీది కాదమ్మా, ఆమెది.
ఎవరి అరచెయ్యి వాళ్ల ఒంటికి నూటికో వంతు,
వేళ్లతో కలిపి.
ముప్ఫై ఏళ్లు ఊరి చెత్త ఎత్తిన ఆ చేతిని
గాలిలోనే మోపుకుంటూ వెళ్లాం,
రొమ్ము మీద, పొట్ట మీద, తొడల మీద.
ముప్ఫై చేతులు.
మొహం ఎట్లానో తప్పించుకుంది.

యాభైరెండు కిలోల మనిషి.
ఎనిమిది గంటల్లో మూడు లీటర్ల పైమాట,
అందులో రెండున్నర గంటలు దారే తాగేసింది.
మిగిలిన అయిదున్నరలో పట్టించాలి.
వాచిపోకముందే గాజులు కత్తిరించాను,
మట్టెలు కత్తిరించాను,
కవర్లో వేసి పేరు రాశాను: దేశమ్మ.

"ఇక్కడ నొప్పిగా ఉందా?"
"లేదక్కా."
నాకు అదే భయం.
అరిచే చోట చర్మం ఇంకా బతికుంటుంది.
అరవని చోటు దగ్గర
నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కాలిన మనిషికి చలేస్తుంది, ఎవరూ నమ్మరు.
దుప్పట్లు కప్పాం, ఏసీ ఆపాం,
మాకు చెమటలు, ఆమెకి వణుకు.
పాదాలు చల్లగా, నాడి పరుగు,
బీపీ మెట్లు దిగుతోంది.

పదకొండింటికి ఆమె అరవం వదిలేసింది.
ఊళ్లో అందరితో మాట్లాడే భాష పోయి
అమ్మతో మాట్లాడే భాష మిగిలింది.
"దప్పికక్కా. ఒక్క గుక్క."
సూది దారిన లీటర్లు పోస్తున్నదాన్ని
గొంతులోకి గుక్కెడు పొయ్యకూడదు.
తడి గాజుగుడ్డ పెదాల మీద అద్దాను.
ఆమె దాన్ని పళ్లతో పట్టుకుని వదల్లేదు.

ఒంటిగంటకి కళ్లు తెరిచి
"లారీ వచ్చిందా?" అంది.
డాక్టరు పిల్లాడు నా వైపు చూశాడు.
"వచ్చింది."
"నా బిందె?"
"ముందే పెట్టాను, నాలుగోది నీదే.
ఎర్ర ప్లాస్టిక్కుదేగా?"
"పచ్చది" అంది కోపంగా.
ఆ కోపానికి బీపీ కాస్త లేచిందంటే
ఏ పుస్తకమూ ఒప్పుకోదు.

సంచీలో మూత్రం గంటకి ముప్ఫై మిల్లీలు రావాలి.
పదింటికి ఎనిమిది. నల్లగా, టీ డికాక్షన్‌లా.
పన్నెండింటికి పదకొండు.
వంగి గీతల దగ్గర మొహం పెట్టి చూస్తాను,
నా పిల్ల మార్కుల కాగితం కూడా అంత పట్టి చూడలేదు.
మూడింటికి ఇరవైరెండు.
అయిదుకి ముప్ఫైనాలుగు,
లేత పసుపు.
చార్టులో అంకె రాసి, కింద సువార్త అని సంతకం పెట్టి,
కయల్‌విళి వీపు మీద ఒకటి చరిచాను.

గెలిచామని కాదు.
మూడోరోజు జ్వరం ఉంది, చీము ఉంది,
డ్రెస్సింగ్ మార్చే గదిలో ఆ అరుపులున్నాయి.
ఇప్పుడు మౌనంగా ఉన్న చోటు
ఎప్పటికైనా అరుస్తుందో లేదో తెలీదు.
బయట బెంచీ మీద పెంచలయ్య కూర్చునే నిద్రపోతున్నాడు,
ఒళ్లో ఆమె చెప్పులు.

ఏడున్నర బస్సు దిగాను.
చేతులింకా మందువాసన.
మా సందు మలుపులో లారీ హారన్.
బ్యాగు గేటుకి తగిలించి
బిందెల కోసం పరుగెత్తాను.