మూడు చువ్వలు

కలాసిపాళ్యం తుక్కుకొట్టులో
మూడు సైకిలు చువ్వలు, పది రూపాయలు.
కాజాలు కుట్టే పంకజాక్షి కళ్ళలో
వేలాడే బల్బు సూదిలా దిగుతోందని.

హోల్డరు మెడకి దారం చుట్టి కొలిచాను,
కొలత దగ్గర ముడి వేసి
జేబులో పెట్టుకు తిరిగాను వారం.

మొదటి ఫ్రేము బల్బుకి మరీ ఆనుకుంది.
గుడ్డ గోధుమరంగుకి తిరిగి
గదంతా మాడిన అట్టు వాసన.
రెండోదాని మెడ వదులు,
తాగినవాడి టోపీలా పక్కకి ఒరిగింది.

"వేడి పోయే దారేదయ్యా?" అన్నాడు
మెట్లకింద టంకం పెట్టే ఫక్రుద్దీన్,
తల ఎత్తకుండానే.

మూడోది వంచుతుంటే కరెంటు పోయింది.
పైన చిన్న రింగు, కింద పెద్దది,
నడుమ బల్బుకి బెత్తెడు ఖాళీ,
అన్నీ వేళ్ళకే తెలియాలి.
చీకట్లోనే తగిలించాను.
బొటనవేలు కోసుకుంది కూడా.

కరెంటొచ్చింది.
గుడ్డ ఇంకా తొడగలేదు.
తీగ ఊగుతోంది,
చువ్వల నీడలు గోడ మీంచి కప్పు మీదికి,
కప్పు మీంచి బీరువా మీదికి,
మళ్ళీ చక్రమై తిరుగుతున్నాయి.

పంకజాక్షి దారం పళ్ళ మధ్యే ఉంచుకుని
"గది ఎటో బయల్దేరిందే!" అంది.

గుడ్డ సంగతి
రేపు చూద్దాం.