పాలలెక్క పుస్తకంలో ఒక తోక

మొదటి దినం వాడికి అన్నీ కుక్కలే.
ఎనుము పెద్ద కుక్క.
పెయ్య ఎర్ర కుక్క.
గడప పక్కన ముడుచుకోని పండుకున్న మేకపిల్ల
"చెవులు జారిపోయిన కుక్క, తాతా."
తిరుపతి కొర్లగుంటలో మూడో అంతస్తు కిటికీ నుంచి
వాడికి కనిపించే జీవం అదొకటే గదా.

వాళ్లమ్మ పరీక్షలు రాయల్ల,
నాయనకు బస్సు డ్యూటీ.
పదకొండు దినాలకని
పలమనేరు పక్కన ఈ కొట్టంలో, నా దగ్గర వదిలిపెట్టి పోయినారు.
పేరు మోక్షిత్.
నాకు నోరు తిరగదు, "మోచ్చితా" అంటాను.
ప్రతిసారీ దిద్దుతాడు.
దిద్ది, ఎనుము దగ్గరికి పోయి
"ఎలుమూ" అని పిలుస్తాడు.
ఇద్దరం సమానం.

ఎనుము పేడ వేస్తే చప్పట్లు కొట్టినాడు.
నా ఎరికలో ఏ ఎనుముకూ
ఆ పనికి అంత మర్యాద దక్కలేదు.
అది గూడా తల తిప్పి చూసింది,
తానేం ఘనకార్యం చేసిందా అని.

టమేటా క్రేటు కింద పొదిగే కోడిని చూస్తానని
బోర్లా పండుకోని చెయ్యి లోపలికి పెట్టినాడు.
లేచి వచ్చి, వేలు నిలువుగా పట్టుకోని,
చానా గంభీరంగా:
"కోడి డాక్టరు సూది వేసింది."
ఎనిమిదో దినం పిల్లలు లేచినాయి.
వాడికి లెక్క ఐదు దాకానే వచ్చు.
ఐదు,
ఇంకోటి,
ఇంకోటి,
అబ్బా, ఇంకోటి!

తెల్లారుజామున నేను లేస్తే వాడూ లేస్తాడు.
కొట్టంలో బల్బు ఎలుతురు, దోమల పొగ.
బకెట్లో మొదటి ధార పడితే ఊపిరి బిగబట్టి వింటాడు.
ఒకనాడు ఎనుము ముక్కు ముందర అరచెయ్యి పెట్టి
"తాతా, దీని లోపల పొయ్యి ఉండాది" అన్నాడు.
అది నాలుక చాపి ఆ చెయ్యి నాకింది.
ఏడ్చల్లనా నగల్లనా
ఒక నిమిషం ఆలోచించుకోని,
నగినాడు.
రెండో చెయ్యి పెట్టినాడు.
చెంప పెట్టినాడు.
ఆపైన నా చెయ్యి లాగి
"తాతకు గూడా" అని దాని ముందరికి తోసినాడు.

నలబై ఏండ్లుగా గొడ్లు మేపతా ఉండాను.
ఈ చేతిలో కసువన్నా ఉండల్ల, తవుడన్నా ఉండల్ల,
లేకుంటే కట్టె.
వట్టి చెయ్యి ఎప్పుడు చాపినాను?
గరుగ్గా, వేడిగా ఉండె ఆ నాలుక.
నాకు తెలీదు.

పొట్టేలుకు పనసకాయ తోలు పెట్టి పెట్టి
"మామ" అని వరస కలిపినాడు.
తొమ్మిదో దినం బైరెడ్డిపల్లె మునెప్ప వచ్చినాడు,
గంగజాతర దగ్గర పడతాందని.
పొట్టేలు నడుం మీద అరచెయ్యి అదిమి
కండ ఎంతుందో చూసుకుంటా ఉంటే,
వీడు పరిగెత్తుకోని పోయి పక్కన నిలబడినాడు,
చొక్కా ఎత్తి,
నడుం వంచి,
"నన్ను గూడా చూడు."

మునెప్ప చెయ్యి ఎనక్కి తీసుకున్నాడు.
"ధర కుదరలేదు, పోయిరా" అన్నాను.
కుదిరింది.

పోయేనాడు బస్సెక్కినంకా
వాడి నిక్కరు జేబులో పిడికెడు తవుడు దొరికిందంట.
వాళ్లమ్మ ఫోన్లో కసిరింది,
ఉతికినా వాసన పోలేదని.
నేను సరే సరే అని, ఆ వాసన గురించే
మళ్లీ మళ్లీ అడిగినాను.

సాయంత్రం పాలకేంద్రంలో
చెంగల్రాయుడు నా లెక్క పుస్తకం తిప్పినాడు.
పదకొండో దినం గడిలో
పైనించి కిందికి వంకర్లు పోయిన గీత,
కొసన పెన్ను పొడిచి చేసిన బొక్క.
"ఇదేంది మామా, ఒకటా, ఏడా?"
"తోక" అన్నాను.
"ఎవరిది?"
"ఎలుముది."
వాడు నన్ను ఒకసారి చూసి,
కళ్లద్దాలు సరిచేసుకోని,
తోక చెరిగిపోకుండా పక్కన జాగా చూసి
మూడున్నర అని రాసుకున్నాడు.