జానెడు పైన

పుంతా అరేనాస్‌లో గాలికి పేరు పెట్టరు.
పేరు పెట్టాల్సింది గాలి లేని రోజుకి.
గాలి మరీ రేగినప్పుడు వీధి మలుపుల్లో తాళ్లు కడతారు,
మనుషులు పట్టుకుని దాటడానికి.
వాటిలో కొన్ని నా చేతి మీదుగా వెళ్లినవే.

నా పని రేవులో.
పీతల పడవలు ఒడ్డుకు రాగానే
తడి తాళ్లు చుట్టలు చుట్టలుగా నా ముందు పడతాయి.
వేళ్ల మధ్య లాగుతాను,
పురి విప్పి లోపల వాసన చూస్తాను.
పైకి నిగనిగలాడేది లోపల పొడైపోయి ఉంటుంది,
పీచు లేచినది ఇంకో రెండేళ్లు మోస్తుంది.
చెడిన చోట కోస్తే చాలదు,
జానెడు పైన కొయ్యాలి.
చేటు కంటికి కనిపించిన చోటే ఆగదు.
ముప్పై ఏళ్లలో ఏ తాడు మీదా జాలిపడలేదు.

మరి ఈ జడ?

మేనకోడలు యోవాంకకి పడవ నడిపే లైసెన్సు వచ్చిన రోజు
"నీకు రాగి రంగు వేస్తా అత్తా" అంది.
ముందు నలుపు తియ్యాలంది.
నలుపు పోయింది. రాగి రాలేదు.
ఉడికిన పీత రంగు వచ్చింది.
రేవంతా వారం రోజులు నవ్వింది,
బారియా అయితే వల తెస్తానన్నాడు.
ఎనిమిది నెలలైంది. నవ్వులు ఎప్పుడో ఆగాయి,
జుట్టు తెగడం ఆగలేదు.
దిండు మీద, సూపులో, కోటు గుండీకి చుట్టుకుని,
అన్నీ నడిమికి తెగిన ముక్కలే,
ఒక్కటీ కుదురుతో ఊడింది కాదు.
తడిపితే బంకలా సాగుతుంది.
ఆరితే గడ్డి.

గుడ్డు సొన పట్టించాను. సముద్రపు నాచు ఉడికించి పూశాను.
రెండు రోజుల కూలి పోసి చిటికెన వేలంత సీసా కొన్నాను.
అది అమ్మిన నోల్ఫానే, డబ్బులు లెక్కపెట్టుకున్నాక అంది:
"చచ్చినదానికి మందేమిటి, జుట్టంటేనే చచ్చినది,
బాగున్నప్పుడు కూడా."
కావచ్చు.
దువ్వెన దిగిన ప్రతిసారీ నా నోట్లోంచి వచ్చే ఆ "అమ్మా" ఎవరిదో మరి.

జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందంటారు.
ఉండీ లేనమ్మ సంగతి
ఏ సామెతకీ తట్టలేదు.

నిన్న రాత్రి కొలత పట్టీ తీశాను.
నెలకి సెంటీమీటరు చొప్పున వెనక్కి లెక్కపెట్టాను.
భుజం దగ్గర: వేలికి కుట్లు పడిన చలికాలం.
మోచేతి దగ్గర: పైకప్పు రేకు ఎగిరి
పక్కవాళ్ల కోళ్ల గూటి మీద వాలిన రాత్రి.
కొసన, ఆరేళ్ల కింద,
అన్న దాంకో ఇంకా నాతో మాట్లాడుతున్న రోజులు.
నాన్న పడవ అమ్మకం గొడవకి ముందు మొలిచిన వెంట్రుకలవి.
ఆ గొడవ తెలియనిది
నాలో అదొక్కటే.

సరే, తాడే అనుకుందాం.
పాపిట నుంచి నాలుగు వేళ్లు నల్లగా, గట్టిగా ఉంది.
అక్కణ్ణుంచి కిందంతా చెడిందే.
జానెడు పైన కొయ్యాలంటే
కత్తెర నా తల దాటి
గాలిలో ఆడాలి.
ముప్పై ఏళ్ల సూత్రం
నా నెత్తి మీదికొచ్చి చెల్లకుండా పోయింది.

గురువారం నాలుగింటికి ఖాళీ అంది నోల్ఫా.
ఇవాళే గురువారం.
మలుపు దగ్గర గాలి మోకాళ్ల మీద కొట్టింది, తాడు అందుకున్నాను.
అరచేతికి పీచు తగిలింది.
అలవాటు కదా, అక్కడే నిలబడి పురి విప్పాను.
వెనక టోపీని రెండు చేతులతో అదిమి పట్టుకున్న ముసలాయన,
"ఏమమ్మా, పట్టుకోవచ్చా?"
"పట్టుకోండి. ఈ ఏడాదికి ఆగుతుంది" అన్నాను.

ఆ మాట పూర్తయిందో లేదో
గాలి నా జడ విప్పి నా నోట్లోనే కుక్కింది.
ఉమ్మేశాను. మూడు ముక్కలు.
నాలుగవడానికి ఇంకా పది నిమిషాలుంది.
ఆయన నన్ను తప్పుకుని దాటిపోయాడు.
నేను తాడు పట్టుకునే ఉన్నాను.