వెలితి

తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు హద్దూ.
బండి ఆగలేదు.
షెడ్డు ముందు ఆ పాత మెర్సిడెస్ డీజిల్
ఖాళీ సీట్లతో, బోనెట్ వణికిస్తూ
గుడగుడమంటూనే ఉంది.

"వారమైంది," అన్నాడు.
"నాలుగో గేరులో వేసి, బ్రేకు తొక్కిపెట్టి, క్లచ్చి వదిలి
రోజూ గొంతు నులిమినట్టు ఆపుతున్నా.
టాక్సీ స్టాండులో నన్ను చూసి నవ్వుతున్నారు."

మిదెల్త్‌లో అది ఏప్రిల్.
అయ్యాషీ కొండ మీద ఇంకా మంచు.
నాకు పదిహేడేళ్ళు. చీకట్లో తడిమి స్పానరు నంబరు చెప్పగలను,
గొట్టాల సంగతి తెలీదు.

"పెట్రోలు బండికి నిప్పురవ్వ తీసేస్తే చాలు," అన్నాడు
మా మేనమామ సెక్కూ.
"దీనికి రవ్వతో పనే లేదు, ఇట్టో.
నూనె అందినంతసేపూ తిరుగుతుంది.
ఎవరో ఒకరు ఆ గుమ్మం మూయాలి.
మూసేది కరెంటు కాదు, ఇనప తీగ కాదు.
గాలి లేకపోవడం."

లేకపోవడం పని ఎలా చేస్తుందో
నాకు బోధపడలేదు.
ఆయన నా చూపుడువేలు పట్టుకుని
పంపు దగ్గర ఊడదీసిన గొట్టం మూతికి ఆనించాడు.
ఆకలి మీదున్న దూడలా
వేలి కొసని గుంజింది.

"పంపు బాగుంది. ఇక్కడ పుట్టిన వెలితి
అక్కడిదాకా చేరడం లేదు.
బండికి ఏ వెలితీ లేదు, అదే దీని జబ్బు."

అప్పుడు బయటపెట్టాడు హద్దూ.
పాత వాల్వు పగిలితే కొత్తది కొని
రాత్రి రోడ్డు పక్కన
ఫోను పళ్ళమధ్య పట్టుకుని, ఆ వెలుతురులో
తనే బిగించాడట.
బొటనవేలి గోరంత ప్లాస్టిక్ బిళ్ళ,
ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు.
ఎటు తిప్పినా గొట్టం చక్కగా ఎక్కుతుంది.
దాని మోసమంతా అదే.

సెక్కూ దాన్ని చొక్కాకి తుడిచి
నల్లకొస పెదాల మధ్య పెట్టుకున్నాడు.
పీల్చాడు, తెరుచుకుంది.
ఊదాడు, మూసుకుంది.
"నలుపు పంపు వైపు. నువ్వూ చూడు."
నా నోట్లో డీజిలు, ఆయన తాగిన పుదీనా టీ.

తిప్పి పెట్టాం.
బిరుసెక్కిన రబ్బరు ముక్కలు పీకేసి
కొత్తవి వేడినీళ్ళలో ముంచి తొడిగాం.
హద్దూ తాళం తిప్పాడు.

ఆగలేదు.

ఇలాంటప్పుడే కొందరు మెకానిక్కులు
కొత్త పంపు కొనిపిస్తారు.
సెక్కూ ఇంకో గ్లాసు టీ తెప్పించుకున్నాడు.
తాగి, ఆలివ్ పుల్ల ఒకటి చెక్కి
తలుపుల వైపు పోయే సన్నగొట్టానికి బిరడా కొట్టాడు.
తాళం తిప్పమన్నాడు.
టక్కున ఆగింది.
"ఇంజనులో దొంగ లేడు," అన్నాడు, "తలుపుల్లో ఉన్నాడు."

బిరడా తీసి మళ్ళీ స్టార్ట్ చేయించాడు.
ఆయన ఎడమ చెవి ఎప్పుడో పోయింది,
కుడిది సగమే. అందుకని నన్ను వంగమన్నాడు.
డ్రైవరు తలుపు, ఏమీ లేదు.
దాని వెనకది, ఏమీ లేదు.
కుడివైపు వెనక తలుపు అట్ట ఊడదీస్తే
లోపల సన్నగా, నిద్రలో ముక్కుతో పిలిచినట్టు
ఉస్సు...
రబ్బరు పొర మీద వెంట్రుకంత చీలిక.
ఆరుగురు ఎక్కే టాక్సీలో
అందరూ విసిరికొట్టే తలుపు అదే.
ఎక్కడో వెనక తలుపులో చీలితే
ముందు ఇంజను నిద్రపోలేకపోయింది.

పాత బళ్ళ కుప్పలోంచి పొర ఉన్న డబ్బా ఒకటి తెచ్చాం.
పెట్టేముందు అదీ నోటితో పీల్చి చూశాను.
ఈసారి నాకెవరూ చెప్పలేదు.

హద్దూ తాళం తిప్పాడు.
ఒక్క దగ్గు, అంతే.
బయటినుంచి తాళం వేస్తే నాలుగు తలుపుల గొళ్ళేలూ
ఒకేసారి కిందికి దిగాయి.
తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు,
డబ్బుల సంగతి మరిచిపోయాడు.

ఎదురింట్లో అంతసేపూ
రేడియో మోగుతోందని అప్పుడు తెలిసింది మాకు.
సెక్కూకి అదీ వినపడదు.
బోనెట్ మీద అరచెయ్యి పరిచి
కాసేపు అలా నిలబడ్డాడు.
"ఆగింది కదూ?" అన్నాడు.