మూడూ నాలుగూ

జుగ్దిదీలో, లిఫ్టు లేని ఐదో అంతస్తు ఇంట్లో
పాట రికార్డు చేయాలంటే
ముందు ఫ్రిజ్ ప్లగ్గు పీకాలి.
కింది ఇంటి కుక్కకు ఒక ఎముక పంపాలి.

ఓతియా స్నానాల గదిలో, తడి తువ్వాళ్ళ మధ్య.
జుంబేర్ చలికాలపు కోట్ల బీరువాలో, తలుపు జానెడు తెరిచి.
త్సిసానా వంటింట్లో, గిన్నెల అరకు దుప్పటి కప్పి.
నేను నడవాలో, చాప కూడా లేని నేల మీద,
ఎనిమిది అవుట్‌పుట్ల పాత పెట్టె ముందు.
గుమ్మాల కింద నుంచి కేబుళ్ళు
ఎవరి దారిన అవి పోతున్నాయి.

ఒకటీ రెండూ స్పీకర్లవి.
పాడేంతసేపూ వాటి నోరు మూసి
వాటి నకలు నా చెవులకు తగిలించుకున్నాను.
మూడూ నాలుగూ ఓతియాకు.
ఐదూ ఆరూ జుంబేర్‌కు.
ఏడూ ఎనిమిదీ త్సిసానాకు.
ఆమె ఏదీ కోరదు, "అందరూ వినబడితే చాల్లే" అంటుంది.

తన గొంతు తనకే ఆలస్యంగా చేరితే
మనిషి తన మీదే అనుమానపడతాడు.
అందుకే ఎవరి గొంతు వాళ్ళకు
కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా పంపాను.

హెడ్‌ఫోన్ పెట్టుకోకముందే ఓతియా అన్నాడు:
"వాడి గొంతు నా చెవిన పడకూడదు."
అర నిమిషానికి బీరువాలోంచి అదే మాట,
అదే యాస, చివర్లో అదే పొడి దగ్గు.
ఒక కడుపున పుట్టినవాళ్ళు మరి.
హేజెల్‌నట్ తోటలో నాలుగు వరసలు ఎవరివన్నది తగువు.
పదకొండేళ్ళయింది.

తగువు తీర్చడం నా పని కాదు.
ఎవరు అడిగింది వాళ్ళ చెవికి చేర్చడం నా పని.
ఈ పెట్టెలో అదెంత సులువంటే
ఒక ఫేడర్ కిందికి లాగితే అన్న లేడు,
ఇంకొకటి లాగితే తమ్ముడు లేడు.
మనుషుల్ని ఇంత తేలిగ్గా తీసేస్తారని
దీన్ని చేసినవాళ్ళు అనుకుని ఉండరు.

పాడారు.
పై గొంతు ఓతియాది, వెంట్రుకవాసి ఎక్కింది.
అడుగు గొంతు జుంబేర్‌ది, వెంట్రుకవాసి దిగింది.
నడిమి గొంతు త్సిసానా,
రెండు పడవల మీద చెరో కాలు.
రెండోసారీ అంతే.

మూడోసారి, చెప్పకుండా ఒక పని చేశాను.
మూడూ నాలుగులోకి జుంబేర్‌ని రానిచ్చాను,
ముప్పై డెసిబెల్స్ కింద,
పక్కింట్లో ఎవరో గొంతు సవరించుకున్నంత.
ఐదూ ఆరులోకి ఓతియాని, అంతే కొలతన.
పాదానికో పిసరు పెంచుతూ పోయాను,
పొయ్యి మీద పాలున్నవాడిలా
చూపు తిప్పకుండా.

రెండో చరణం చివర ఎక్కడో
గొంతులు అతుక్కున్నాయి.
అతుకు ఎక్కడని వెతికితే దొరకలేదు.
నడవా గోడకున్న అద్దం సన్నగా వణికింది.

"ఇంకోసారా?" అంది త్సిసానా.
"ఇందాకటి లాగే పెట్టు" అన్నారు ఇద్దరూ,
వేర్వేరు తలుపుల వెనక నుంచి,
ఏమీ మారనట్టే.

ఆ తర్వాత రికార్డింగు ఆపాను.
మైకులు ఆపడం మరిచాను.
నిజం చెప్పాలంటే, మరవలేదు.

స్నానాల గదిలో కుళాయి చుక్క.
మళ్ళీ చుక్క.
అప్పుడు ఓతియా, తనలో తను:
"మూడో పాదం ముందు ఇప్పటికీ అక్కడే ఊపిరి తీస్తాడు, గాడిద."

ఆ మాట ఐదూ ఆరూ గుండా
బీరువాలోకి వెళ్ళింది.
నా వేలు ఫేడర్ మీదే ఉంది. కదపలేదు.

చాలాసేపు లోపల ఏమీ లేదు.
ఆ పైన, కోట్లు వేలాడే కొక్కేలు
ఒకదానికొకటి తగిలాయి.