నిట్రాడ

పదకొండేళ్లు పెరీనా పిన్ని
ఆ చిన్న తలుపుని చిత్రిక పట్టింది.
ప్రతి జూన్‌లో, పడవ నీళ్లలోకి దిగిన వారానికి,
చెమ్మకి చెక్క ఉబ్బిందంటూ
పైఅంచు నుంచి ఓ పొర తీసేది.
తలుపు మూసుకునేది.
మళ్లీ ఏడాదికి మూసుకునేది కాదు.

ఉబ్బింది తలుపు కాదు.
కప్పు దిగుతోంది.

బేతినా ఒడ్డున, బురా గాలి ఆగిన పూట
క్రేన్ తెరచాప స్తంభాన్ని పెకలించి
పాత టైర్ల మీద పడుకోబెట్టింది.
పళ్లసెట్టు తీసిన నోరులా మిగిలింది పడవ.
బార్బా రోకో (ఇక్కడ పెద్దవాళ్లందరూ బార్బాలే)
మోకాళ్లు పటపటమంటుండగా లోపలికి దిగి
స్తంభం బరువు మోసే నిట్రాడకి చుట్టిన
టేకు చెక్కని స్క్రూ తర్వాత స్క్రూ విప్పాడు.
వార్నిష్ తళతళ. దాని వెనక
ఉక్కు గొట్టం, పొరలు పొరలుగా,
తడిసి ఎండిన పుస్తకంలా.
సుత్తితో తట్టాడు. మోగలేదు.
స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. దిగిపోయింది.
పైన పటారం, లోన లొటారం.

దీన్ని నమ్ముకునే ఆమె
ఒంటరిగా విస్ ద్వీపం దాకా వెళ్లొచ్చింది,
గాలివానలో, రెండుసార్లు.
ఒకసారి నన్నూ వెంటబెట్టుకుంది.
నేను నిద్రపోయాను,
తల దీనికే ఆనించి.

అడుగున, నూనె తేలే నల్లనీళ్లలో,
గొట్టం పాదాన్ని మోసే దూలం
గరిటెతో తీయాల్సినంత మెత్తబడింది.
గరిటెతోనే తీశాను. మూడు బకెట్లు.
రెండో బకెట్లో నాణెం దొరికింది,
చిలుము పట్టిన ఆరు కాగడాల ముద్ర,
ఇప్పుడు లేని దేశానిది.
పడవ కట్టిన రోజున అదృష్టానికని పెట్టింది.
ఇత్తడి, ఉక్కు, మధ్యలో ఉప్పునీళ్లు.
"ఇదే తినేసిందా?" అన్నాను.
రోకో దాన్ని ప్యాంటుకి తుడిచి చూశాడు.
"పాపం, దీని నోరెంత?
స్నానాల నీళ్లన్నీ ఇటే ఇంకాయి.
ముప్పై ఏళ్లు ఎవరూ వంగి చూడలేదు.
అది చాలు తినడానికి."

కప్పు కింద జాకీ పెట్టాం.
రోజుకి రెండే మిల్లీమీటర్లు,
తొందరపడితే ఫైబర్ పగులుతుందన్నాడు.
రాత్రుళ్లు పడవ మూలిగేది,
వంగి కోతకోసిన మనిషి నడుం సాచినట్టు.
కొత్త దూలం, ఎపాక్సీ తాగిన గుడ్డ చుట్టి.
కొత్త గొట్టం, వెల్డు చుట్టూ ఇంకా నీలం రంగు.
నీళ్లు పోవడానికి ఓ రంధ్రం.
"మొత్తంలో అసలు పని ఇదే"
అందులో చిటికెనవేలు దూర్చి చూపించాడు.

నాణేలంటే నవ్వే మనిషి,
నేను అటు తిరిగినప్పుడు
మధ్యాహ్నం తిన్న ఆలివ్ గింజ ఒకటి
గొట్టం కిందికి తోయడం
కిటికీ గాజులో కనబడింది.
అడగలేదు.

స్తంభం నిలబడింది. తీగలు బిగించాం.
సాయంత్రం ఆ చిన్న తలుపు వేశాను.
ఎక్కడా రాసుకోకుండా మూసుకుంది.
పైన, రెండు వేళ్లు పట్టే సందు.
పదకొండు జూన్‌ల చెక్క లేదక్కడ.
దీపం వెలుతురు అందులోంచి
ఇవతలికి పడుతోంది.

పట్టీ కోసి అతికిస్తానన్నాడు రోకో.
టేపు పెట్టి కొలిచాడు కూడా.
వచ్చే ఏడు చూద్దాంలే అన్నాను.