రెండో టేకు లేదు

ఆ సినిమాలో శవాన్ని నేనే.
పదకొండో నిమిషంలో, నాలుగో నంబరు డ్రైయరు పక్కన
బోర్లా పడి ఉంటాను.
పట్టి చూస్తే వీపు కదులుతుంది.

నిజం శవాలు నాకు తెలుసు,
కేర్‌హోమ్‌లో రాత్రి డ్యూటీ.
ఎంత మూసినా నోరు మూసుకోదని చెబితే
గ్యారెత్ రాసుకున్నాడు, రాసుకుని
నన్ను బోర్లా తిప్పాడు.
ఊపిరి బిగబట్టమన్నాడు.
గ్రిమ్స్‌బీ జనవరి, సిమెంటు నేల,
ఎవరిదో చేపల వాసన రెయిన్‌కోటు.
ముప్పయ్యో సెకనుకి ఓడిపోయాను.

రెండో టేకు లేదు.
లాండ్రీ తాళాలు ఐదున్నరకి తిరిగిచ్చెయ్యాలి,
డిటెక్టివు ఆరింటికి బస్సు తోలాలి.
నైజెల్ కళ్ళ కింద ఆ నలుపు
మేకప్పు అనుకుంటారు అందరూ.

కత్తివేటుకు నెత్తురుచుక్క లేదంటారే,
మా హంతకుడి ముఖం అలాగే ఉంది.
కత్తికీ లేదు.
బీట్‌రూట్ పిండి, పాకంలో కలిపి
నేను తెచ్చిన సీసాని
మొదటి రాత్రే ఎవరి కుక్కో తన్నేసింది.
అందుకని గ్యారెత్ కత్తిని చూపించలేదు.
తలుపు చూపించాడు.
తలుపు కింది సందు.
సందులో ట్యూబులైటు వెలుగు.
ఆ వెలుగుకి అడ్డంగా
వచ్చి ఆగిన ఒక జత బూట్లు.

చేపల వేలం గది మేడమీద
నలభై ఒక్క కుర్చీలు, దుప్పటి తెర.
అప్పుడే ఎవరిదో కుర్చీ కిర్రుమంది,
అదీ సినిమాలోదే అనుకుని
మా ముందు వరస మొత్తం వెనక్కి తిరిగింది.

తుపాకీ చప్పుడు ఫ్రీజరు తలుపుది.
దొంగ లెక్కపెట్టే కట్టలో
పైనోటూ అడుగునోటూ నావి,
మధ్యవి లాండ్రీ కరపత్రాలు.
నా నలభై పౌండ్లు ఇంకా రాలేదు.

పెద్ద సినిమాల్లో ఊళ్ళకి ఊళ్ళు తగలబడుతుంటే
పాప్‌కార్న్ అడుగున పగలని గింజలు
ఏరుకుంటూ కూచుంటాను.
ఇక్కడ ఒక మనిషి మిషన్లో నాణెం వేస్తాడు.
గాజు వెనక చొక్కా ఒకటి
చేతులెత్తుతుంది, మునుగుతుంది,
మళ్ళీ చేతులెత్తుతుంది.
ఎవరి చొక్కానో మనకి తెలుసు.
బెంచీ మీద పేపరు చదువుతున్న ముసలామెకి
తెలీదు.
ఆరు నిమిషాలు కట్ లేదు.
గుండెలు తీసిన ధైర్యం అన్నారు జనం.
రెండో కెమెరా ఎక్కడ చచ్చింది, అన్నాడు గ్యారెత్ నా చెవిలో.

హంతకుడు చివరికి దొరకడు.
పోలీసు దుస్తుల అద్దె మరీ ఎక్కువట.

ఆదివారం బట్టల మూట పట్టుకుని వెళ్ళాను.
కిటకిటలాడుతోంది లాండ్రీ,
నాలుగో నంబరు మాత్రం ఖాళీ,
నేనూ ఐదో దానికోసమే నిలబడ్డాను.
ఇంతలో తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు,
మూట లేదు, సంచీ లేదు,
చేతిలో ఒకే ఒక్క చొక్కా.

ఈసారి
చాలాసేపే బిగబట్టాను.